గుల్లపొడి

మా ఇంట్లో ఏ పొట్లం కొన్నా ముందు వెనక్కి తిప్పి చదువుతాం. ముందువైపు బొమ్మ ఎంత అందంగా ఉంటే మాకేం? వెనకాల కంటికి ఆనని అక్షరాలే మాకు కావాలి. మా పాపకి వేరుశనగ పడదు. పడదంటే ఏదో దురద వచ్చి, కాసేపటికి పోయే రకం కాదు. మూడేళ్ల వయసులో ఇడ్లీతో పాటు వేరుశనగ చట్నీ నాకీనాకనట్టు తింది, అంతే. పెదవులు ఉబ్బాయి, గొంతు బిగిసింది. ఇక్కడి డాక్టరు గారు ఇంజెక్షన్ చేసి పెద్దాసుపత్రికి తీసుకెళ్లమంటే, తిరువూరు నుంచి బెజవాడ దాకా ఆ పిల్లని ఒళ్లో వేసుకుని, అది తీసే ఒక్కో ఊపిరీ వింటూ కారులో కూచున్నాను. ఆ ప్రయాణం పగవాళ్లకి కూడా వద్దు.

ఆ చట్నీ తినిపించింది మా అత్తయ్య. ఆవిడ తప్పేం లేదు, పడదని అప్పటికి ఎవరికి తెలుసు గనక? ఆ మాట నేను పైకి ఎప్పుడూ అనలేదు. లోపల అనుకోలేదని చెప్తే మాత్రం అబద్ధం.

ఇప్పుడు పాపకి ఎనిమిదేళ్లు నిండే రోజు వచ్చింది. అంతకు కొద్దిరోజుల ముందు బడిలో ఒక పిల్ల ఇంట్లో చేసిన చాక్లెట్ ఉండలు తెచ్చి పంచిందట. పైన కొబ్బరి అద్దిన గుండ్రటి ఉండలు. క్లాసంతా వేళ్లు నాక్కుంటూ తింటుంటే ఇది తన వంతుది పక్కపిల్లకి ఇచ్చేసి ఇంటికొచ్చింది. ఏడవలేదు. ఏడ్చినా బాగుండేది. "అమ్మా, నా పుట్టినరోజుకి అవి మనింట్లోనే చేద్దాం. మా ఫ్రెండ్స్‌ని పిలుద్దాం. అందరితో పాటు నేను కూడా తింటా" అంది. పెళ్లిళ్లకి వెళ్తే దానికి డబ్బాలో పెరుగన్నం, బడిలో ఎవరి పుట్టినరోజైనా దానికి వట్టి చేతులు. ఈ ఒక్కసారి అది నలుగురిలో కూచుని భయం లేకుండా ఒక ఉండ తినాలి. నాకు కావలసింది అంతే.

ఫోన్లో చూస్తే పని సులువే. పొయ్యి వెలిగించనక్కర్లేదు. బిస్కెట్లు పొడి కొట్టి, కోకో పొడి, ఎండుకొబ్బరి కోరు కలిపి, డబ్బాలో వచ్చే చిక్కటి తీపిపాలు పోసి ఉండలు కట్టడమే. సులువు అందరికీ! నాకు కోకో పొడి దొరకడమే పెద్ద తతంగం అయింది. బజార్లో కొన్న మొదటి పొట్లం వెనకాల, ఇది తయారుచేసే చోట వేరుశనగ కూడా వాడతామని రాసుంది. వాపసిచ్చేశాను. రెండోదాని మీద అక్షరాలు చెరిగిపోయి ఉన్నాయి, అదీ వద్దన్నాను. చివరికి మావారు బెజవాడ వెళ్లినప్పుడు ఒకటి తెచ్చారు. దాన్ని ఆయనొకసారి చదివారు, నేను నాలుగుసార్లు చదివాను. మా అత్తయ్య చూసి చూసి, "ఏంటమ్మాయ్ ఆ చదవడం, పరీక్షకి పోతున్నావా?" అంది. నవ్వొచ్చింది గానీ నవ్వలేకపోయాను.

ఇక్కడ మా ఇంటి భాష గొడవ కొంచెం చెప్పాలి. నాది ఖమ్మం వైపు. వేరుశనగపప్పుల్ని మేం పల్లీలు అంటాం, వేయించిన శనగపప్పుని పుట్నాలు అంటాం. మా అత్తయ్యకి పల్లీలంటే గుళ్ళు, పుట్నాలంటే గుల్లశనగపప్పు. కొత్తకోడలిగా ఉన్నప్పుడు పులిహోరలోకి గుళ్ళు తెమ్మంటే నేను పుట్నాలు తెచ్చాను. "మీ దేశంలో పులిహోరలో ఇవి వేస్తారా తల్లీ" అని వచ్చినవాళ్లందరికీ చెప్పి మరీ నవ్వింది. ఇన్నేళ్లయినా ఆ రెండు మాటలు నా చెవికి ఒకలాగే వినిపిస్తాయి.

పుట్టినరోజు ఒంటిపూట బడుల్లో వచ్చింది. పాప వచ్చేసరికి బిస్కెట్లు పొడి కొట్టి సిద్ధంగా ఉంచాను. పొద్దున దేవుడి దగ్గర కొట్టిన కొబ్బరికాయ చిప్పలు అలాగే ఉన్నాయి. "పిల్ల పేరున కొట్టిన కాయ. అది పెట్టుకుని కొట్లో ఎండుకొబ్బరి ఎందుకు? దాంట్లోనే కలుపు, మంచిది" అంది అత్తయ్య. నాకూ బాగానే తోచింది. పచ్చికొబ్బరి కోరి కలిపేశాను. ఇంకేముంది, తీపిపాలు పోసేసరికి పిండి జావలా జారిపోయింది. ఉండ కడితే చేతికి అంటుకుపోతోంది. ఫ్రిజ్‌లో పెడదామంటే అప్పుడే కరెంటు పోయింది. ఏప్రిల్ ఎండ, వంటిల్లంతా ఆవిరి, సాయంత్రానికి ఆరుగురు పిల్లలు. పాప గిన్నెలోకీ నా మొహంలోకీ చూస్తూ, "అవుతాయా అమ్మా?" అని అడుగుతోంది. "ఎందుకవ్వవు? నువ్వు ఊరుకో" అని కసిరి, ఎండుకొబ్బరి తేవడానికి వీధి చివర కొట్టుకి పరిగెత్తాను.

తిరిగొచ్చేసరికి పళ్లెం నిండా ఉండలు! గుండ్రంగా, ముద్దుగా, అచ్చం ఫోన్లో చూసినట్టే. పాప మూతికంతా చాక్లెట్టే. సగం కొరికిన ఉండ చేతిలో ఉంది. "మొదటిది నాకే పెట్టింది నానమ్మ!" అని గెంతుతోంది.

"ఎలా గట్టిపడ్డాయి అత్తయ్యా?" అన్నాను.

"ఎలా ఏముంది? కాస్త గుల్లపొడి కలిపా" అంది, చేతులు కడుక్కుంటూ.

నాకు వినిపించింది గుళ్ళపొడి.

కొబ్బరి పొట్లం ఎక్కడ పడేశానో తెలీదు. పాప చేతిలోది లాగి విసిరేశాను. దాని నోట్లో వేలు పెట్టి, "ఉమ్మెయ్, ఉమ్మెయ్" అని అరిచాను. అది బెదిరిపోయి ఏడుపు మొదలెట్టింది. అత్తయ్య "ఏమైందమ్మాయ్, ఏమైంది?" అని దగ్గరికొస్తుంటే, ఇన్నేళ్లు లోపల తొక్కిపెట్టిందంతా నోటికొచ్చేసింది. "మొదటిసారి చాలలేదా మీకు? దాన్ని చంపితే గానీ మీకు తీరదా?" అన్నాను. పిల్ల ముందే అన్నాను. కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేమంటారు. ఆ క్షణంలో అదేమీ నా బుర్రకెక్కలేదు.

మావారు ఏదో పనిమీద బండేసుకుని గంపలగూడెం వెళ్లారు. పిల్లని ఎత్తుకుని వీధిలోకి వచ్చాను. ఎనిమిదేళ్ల పిల్ల, కాళ్లు నా మోకాళ్లకి తగులుతున్నాయి. "గొంతు ఎలా ఉంది? నాలుక ఎలా ఉంది? చెప్పవే!" అని అడుగుతూనే నడుస్తున్నాను. అది వెక్కుతూ, "గరగరగా ఉందమ్మా" అంది. నా పై ప్రాణాలు పైనే పోయాయి. ఎదురొచ్చిన ఆటోని ఆపి ఎక్కి కూచునేసరికి వెనక నుంచి అత్తయ్య కేక. చెప్పుల్లేకుండా, కాలిపోతున్న రోడ్డు మీద, స్టీలు డబ్బా గుండెలకి హత్తుకుని పరిగెత్తుకుంటూ వస్తోంది. "గుల్లశనగపప్పమ్మా! చట్నీలోకి మనం వాడేదే! చూడు, చూడు" అని మూత తీసి వీధిలో అందరి ముందూ చూపించింది. అరవయ్యెనిమిదేళ్ల మనిషి, రొప్పుతూ, గుప్పెడు పుట్నాలు చేతిలోకి తీసుకుని నాకు చూపిస్తోంది. అవి పుట్నాలే.

అయినా నేను ఆటో దిగలేదు. అదే కొట్టు, అదే కాటా, వేరుశనగ తీసిన గరిటెతోనే ఇవీ తీశారేమో! అనుమానం పట్టుకుంటే వదులుతుందా? అవి మేం నెలల తరబడి వాడుతున్న పుట్నాలేనన్న సంగతి కూడా తట్టలేదు. అత్తయ్య ఆ డబ్బాతోనే నా పక్కన ఎక్కి కూచుంది.

డాక్టరు గారు పాప నాలుక చూశారు, గొంతులో లైటు వేసి చూశారు, ఛాతీ విన్నారు. "ఏం లేదమ్మా, భయపడింది. ఏడ్చి ఏడ్చి గొంతు గరగరలాడుతోంది. మీ తృప్తి కోసం కాసేపు బయట కూచుని వెళ్లండి" అన్నారు. బల్ల మీద ముగ్గురం కూచున్నాం. నేను పాప పెదవుల వంకే చూస్తున్నాను. అవి చాక్లెట్ అంటుకుని ఎండిపోయి ఉన్నాయి, అంతకు మించి ఏమీ లేదు. అత్తయ్య, నా వైపు తిరక్కుండానే, "దానికి ముద్ద పెట్టాలంటే ఇవాళ్టికీ నాకు చెయ్యి వణుకుతుందమ్మాయ్. నువ్వు చూస్తావని కొంగులో దాచుకుంటా" అంది. ఆవిడ పాదం కింద బొబ్బ లేచింది. క్షమించమని అడిగాను. "పోనీలే, తల్లివి" అంది. ఆ పోనీలేతో పోయేది కాదని ఇద్దరికీ తెలుసు.

సాయంత్రం పిల్లలు వచ్చారు. కరెంటూ వచ్చింది. పాప కొత్తగౌను వేసుకుని పళ్లెం పట్టుకుని తనే అందరికీ పంచింది. "మీ అమ్మ చేసిందా? భలే ఉన్నాయే!" అని రెండేసి, మూడేసి తిన్నారు. ఇది మాత్రం పళ్లెం దింపలేదు. "నువ్వు తినవే" అని ఒక పిల్ల అంటే, "నేను ఇందాకే తిన్నాగా" అని నవ్వింది. నేను తలుపు పక్కన నిలబడి చూస్తున్నాను. బతిమాలదామా, వద్దా?

అందరూ వెళ్లాక, మావారు ఇంకా రాలేదని, ముగ్గురమే అన్నానికి కూచున్నాం. దానికిష్టమని నేను దోసకాయ పప్పు చేశాను. మామూలుగా కంచంలో ఏం వడ్డించామో కూడా చూడకుండా, బడి కబుర్లు చెప్తూ తినేస్తుంది. ఆ పూట చెయ్యి ఒళ్లో పెట్టుకుని కూచుంది.

"ఇందులో ఏం వేశావమ్మా?" అంది.

బయట ఎవరింటికి వెళ్లినా అలా అడిగితే గానీ ముద్ద ముట్టొద్దని దానికి నేర్పింది నేనే. మా ఇంట్లో, నా చేతి వంటని అది అలా అడగడం అదే మొదలు. అత్తయ్య తల దించుకుంది.

"కందిపప్పు, దోసకాయ, పచ్చిమిరపకాయలు, చింతపండు, పసుపు, ఉప్పు" అన్నాను.

"తాలింపులో?"

"ఆవాలు, జీలకర్ర, ఎండుమిర్చి, కరివేపాకు."

"నూనె ఏంటి?"

"పొద్దుతిరుగుడు నూనె తల్లీ. మనింట్లో వేరేది ఎప్పుడుంది?"

"నిజంగా?"

"నిజంగానే" అన్నాను. అది కాసేపు నా మొహంలోకి చూసి, అప్పుడు అన్నంలో చెయ్యి పెట్టింది.