పెట్రోగ్రాడ్‌కు వెళ్లని కవరు

1958లో ఖరగ్‌పూర్ రైల్వే కాలనీలోని ఒక చిన్న పోస్టాఫీసులో నేను రిజిస్ట్రేషన్ కౌంటర్ గుమాస్తాను. శ్రీకాకుళం నుంచి వచ్చి రెండేళ్లయింది. ఒకరోజు కౌంటర్ దగ్గరికి ఏరమ్మ వచ్చింది. అసలు పేరు వేరా, రష్యా మనిషి. ఓడలో బొగ్గు వేసే భీమిలి ఆయన ఒకరు రంగూన్‌లో ఆమెను పెళ్లాడి, తర్వాత ఇక్కడి వర్క్‌షాపులో చేరారు. ఆయన పోయి ఏడాదైంది. పిల్లలు లేరు. తాల్‌బగీచా పేటలో ఒక గదిలో ఉండేది. ఇరుగుపొరుగు దగ్గర నేర్చుకున్న మన తెలుగే మాట్లాడేది.

కవరు మీద ఆమె చెల్లెలు లీదా పేరు, కింద ఇంగ్లీషులో ‘పెట్రోగ్రాడ్, రష్యా’ అని ఉంది. విదేశీ పోస్టాఫీసుల జాబితా తిరగేశాను. ఆ పేరు లేదు.

“ఇలాంటి ఊరు లేదమ్మా.”

“లేకపోడవేటి బాబూ? నేను పుట్టిన ఊరది. ముందర పీటర్స్‌బర్గ్ అనీవోరు. జర్మనోలతో యుద్ధమొచ్చినప్పుడు పెట్రోగ్రాడ్ సేసినారు. నేనొచ్చీసినప్పుడు అదే పేరు. ఇంట్లో మేవు పీతెర్ అనీవోలం.”

“ఒక ఊరికి ఎన్ని పేర్లమ్మా?” అని నవ్వి కవరు వెనక్కిచ్చాను. ఆ తర్వాత ఐదేళ్లలో మరో మూడుసార్లు తెచ్చింది. మూడుసార్లూ జాబితా తెరవకుండానే లేదన్నాను.

1964లో కొత్త పోస్ట్‌మాస్టర్ వచ్చారు, పెద్దాయన, బెంగాలీ. టీ తాగుతూ ఈ సంగతి ఆయనకు వేళాకోళంగా చెప్పాను. ఆయన నవ్వలేదు. “అది లెనిన్‌గ్రాడ్. పేరు మార్చి నలభై ఏళ్లయింది. తెలియకపోతే కలకత్తా ఫారిన్ పోస్టుకు పంపాలి. వాళ్లు చూసుకుంటారు. నువ్వెవరివి లేదనడానికి?” అన్నారు.

లెనిన్‌గ్రాడ్ నా జాబితాలో ఉంది. ఎన్నోసార్లు చూసిన పేజీలోనే ఉంది.

ఆ సాయంత్రమే ఆమె గదికి వెళ్లి చెప్పాను. ఆ పేరు రెండుమూడుసార్లు పలికి చూసుకుంది. “నాకు నోరు తిరగదు, నువ్వే రాయి బాబూ” అంది. నేనే చిరునామా రాసి, ఎ.డి. కార్డు జత చేశాను. అంటే, ఉత్తరం అందుకున్నవాళ్ల సంతకంతో తిరిగొచ్చే కార్డు. రెండు నెలలకు కార్డు వచ్చింది. దాని మీది సంతకం చూసి ఆమె, “ఇది లీదా సేత్తో రాసింది కాదు” అంది.

తర్వాత ఉత్తరం వచ్చింది. లీదా పక్కింటావిడ రాసింది. ఏరమ్మ కౌంటర్ దగ్గరే నిలబడి చదివి, నాకు తెలుగులో చెప్పింది.

“రెండో యుద్ధంలో జర్మనోలు ఊరు సుట్టుముట్టినప్పుడు జనం ఆకలికి సచ్చిపోతే, మా లీదా బతికిందట. నిరుడు సలికాలంలో పోయిందట. అక్క దగ్గర్నించి ఉత్తరమొచ్చిందా అని అడుగుతుండీదట.”

ఆమె ఉత్తరం మడిచి కవర్లో పెట్టింది.

“నువ్వు లేదన్న రోజుల్లో అదుంది బాబూ,” అంది. కోపంగా అనలేదు. కోప్పడి ఉంటే కొంత తేలికపడేవాణ్ణి.

మళ్లీ ఆమె పోస్టాఫీసుకు రాలేదు. ఆమెకిక ఉత్తరం రాయాల్సిన మనిషి లేదు. మరో ఇరవై ఏళ్లు కౌంటర్లో కూర్చున్నాను. తెలియదు అనాల్సిన చోట లేదు అనకూడదని నేర్చుకుని, ఎవరి కవరూ తిరిగివ్వలేదు. ఆ జాగ్రత్త వల్ల ఏరమ్మకు మాత్రం ఒరిగిందేమీ లేదు.