ఎడమచేతి కత్తి

ఆ రోజు కూడా ఆయన ఎప్పుడూ చేసేదే చేశాడు. సానబట్టిన చిన్న కత్తిని చొక్కా అంచుకు తుడిచి, పాత పేపరు నుంచి సన్నటి పీలిక కోసి చూసుకున్నాడు. పేపరు చప్పుడు లేకుండా తెగింది. "పిడి రేపు చూద్దాంలే," అని పక్కనే పిడులు చెక్కుతున్న తమ్ముడితో అని, బల్ల మీద తల వాల్చాడు. మళ్ళీ ఎత్తలేదు.

ఆయన చేసేవి జపాను తరహా చిన్న కత్తులు. అరచేతిలో ఇమిడే ఇనుప పట్టీ, ఏటవాలు కొన. పదును ఒకవైపే, రెండోవైపు పలకలా చదును. యంత్రం బిగించడానికి ఊళ్ళోని ఫ్యాక్టరీకి వచ్చిన జపాను మిస్త్రీ జేబులో అలాంటిది చూసి, అరిగిన ఉక్కు ఆకురాళ్ళను కొలిమిలో కాల్చి సాగగొట్టి, తనంతట తానే నేర్చుకున్నాడు. వీధిలో ఆయన్ని సానరాయి అనేవారు. ఎవరినైనా అరగదీస్తాడుగానీ తాను అరగడని.

ఒకవైపు పదునుతో ఒక చిక్కుంది. కుడిచేతికి చేసిన కత్తి ఎడమచేతికి లొంగదు, గీత వదిలి పక్కకు ఈడుస్తుంది. ఆయన కూతురిది ఎడమచేతి వాటం. పుస్తకాల బైండింగు పని. రోజంతా అట్టలు కోయాలి. ఒకరోజు ఆయన్ని అడిగేసింది.

"వడ్రంగులకు చేశావు, చెప్పులు కుట్టేవాళ్ళకు చేశావు. పెన్సిళ్ళు చెక్కుకునే డ్రాయింగు మేష్టారికి కూడా చేశావు. నాకొక్కటి చేయలేవా నాన్నా?"

"ఎడమచేతికి నాకు రాదు."

"అటు రుద్దేది ఇటు రుద్దడమేగా."

"అంత సులువైతే నువ్వే రుద్దుకో."

"ఎడ్డెమంటే తెడ్డెమనడంలో ఇద్దరికిద్దరే," అన్నాడు బాబాయి పిడి మీంచి తల ఎత్తకుండా.

కొలిమి వదిలి బైండింగు షాపుకు వెళ్ళినందుకు ఇది తనకు శిక్ష అనుకుంది కూతురు. బజార్లో కత్తి కొని, ఆయన ఎదుటే ఆపిల్ చెక్కు తీసింది. "రేకుముక్క," అన్నాడాయన. అక్కణ్ణించి తండ్రీకూతుళ్ళ మాటలన్నీ తల్లి మీదుగానే నడిచాయి. మీ ఆయనతో చెప్పు, నీ కూతురితో చెప్పు.

ఆయన పోయాక కొట్టు సర్దే పని తానే చేస్తానంది కూతురు. మనసులో ఒకటే ఆశ, తనకోసం ఒక్కటైనా చేసి దాచి ఉంటాడని. సొరుగులు లాగింది, డబ్బాలు బోర్లించింది, బొగ్గుల గోనె కూడా తిరగేసింది. దొరికిన ప్రతి కత్తినీ ఎడమచేత్తో పట్టి చూసింది. అన్నీ కుడిచేతివే.

"చచ్చేదాకా పంతం వదల్లేదు బాబాయ్," అంది.

బాబాయి చేతిలో ఉలి ఆగింది. "పంతమేంటమ్మా. పదును చూసేది కన్ను కాదు, వేలు. మామూలు కత్తికి సానబట్టేటప్పుడు వెనక కొస కుడిచేతిలో ఉంటుంది, అంచును రాయికి నొక్కేది ఎడమ వేళ్ళు. నీకు చేయాలంటే చేతులు మారాలి. అన్నయ్య కుడి వేళ్ళు కాలిన ఇనుము పట్టుకున్న రోజే పోయాయిగా."

"పోవడమేంటి? పని చేస్తూనే ఉన్నాడుగా."

"పట్టుకోవడానికి పనికొచ్చేవి, అంతే. స్పర్శ లేదు. నీకు తెలుసనుకున్నా."

కూతురు చేతిలోని కత్తిని బల్ల మీద పెట్టింది. బాబాయి మళ్ళీ అన్నాడు.

"టీ గ్లాసు కూడా ముందు ఎడమచేత్తో తాకి చూసుకునేవాడమ్మా, వేడో చల్లో తెలియక."