ఉప్పు కాఫీ తాగిన ఇంటి ఓనరు

మా వదిన ఊర్మిళకు ఏ కథనూ మధ్యలో వదిలే అలవాటు లేదు, ఆ కథ తనకు తెలియకపోయినా సరే.

జగిత్యాల దగ్గరి పల్లె నుంచి పెళ్లయి సూరత్ వచ్చిన వారానికే ఆమె చీరలకు ధాగా కటింగ్ మొదలుపెట్టింది. ఎంబ్రాయిడరీ చీరల వెనక వేలాడే దారాలు కత్తిరించే పని అది. అన్నయ్య మగ్గాల మీదికి వెళ్లగానే, సూరత్ శివారు డిండోలిలో మా వరండా నిండా గల్లీ ఆడవాళ్లు చీరల మూటలు విప్పుకుని కూర్చునేవారు. చేతులు ఆగకుండా నడవాలంటే ఎవరో ఒకరు మాట్లాడుతూ ఉండాలి. ఆ ఎవరో ఒకరు ఎప్పుడూ వదినే. పక్కింటి గుజరాతీ వాళ్లు పప్పులో చక్కెర ఎందుకు వేస్తారో కూడా ఆమె దగ్గర ఒక కథ ఉండేది. అందులో ఒక గయ్యాళి అత్త, ఒక చీమల బారు.

ఆ రోజుల్లో మాకు ‘మూడో వాటా’ సీరియల్ పిచ్చి. హైదరాబాదులో ఒక ఇల్లు, మూడో వాటాలో అద్దెకుండే కామేశ్వరి, ఖాళీ చేయమని నోటీసు పట్టుకుని వారం వారం వచ్చే ఇంటి ఓనరు నీలకంఠం. ఆయన రాగానే కామేశ్వరి కాఫీ ఇస్తుంది. గ్లాసు పెదాల దాకా వెళ్తుంది, ఏదో ఒకటి అడ్డొస్తుంది. కాఫీ తాగడు, ఆ గొడవలో నోటీసూ ఇవ్వడు. సీరియల్ అంతా ఇంతే. సూరత్‌లో మాకు తెలుగు టీవీ వచ్చేది కాదు. మా బంధువు శివకృష్ణ ఊళ్లో రికార్డు చేసి ట్రావెల్స్ బస్సులో క్యాసెట్లు పంపేవాడు. వీసీఆర్ కిరాయికి తెచ్చుకుని గల్లీ అంతా మా ఇంట్లోనే చూసేది.

ఆఖరి క్యాసెట్‌లో నీలకంఠం గ్లాసు కోసం చేయి చాచాడు. అంతే, బాజాలు మోగి తెర మీద ఎవరిదో పెళ్లి మొదలైంది. శివకృష్ణ తన చెల్లెలి పెళ్లి వీడియోను దాని మీదికే ఎక్కించాడు. ఓనరుకు రెండో పెళ్లేమోనని మేము తలంబ్రాల దాకా ఓపిగ్గా చూశాం.

మర్నాడు వరండాలో కత్తెరలు కదల్లేదు. ఓనరు కాఫీ తాగాడా లేదా, అందరి నోటా అదే మాట. అప్పుడు వదిన, మొన్న పుట్టింటికి పోయినప్పుడు ఆ భాగం టీవీలో చూశానంది.

“గ్లాసు గిట్ల అందుకున్నడు,” అని ఎడమ చేయి గాల్లోకి లేపింది. “కామేశ్వరి తొందరల చక్కెర అనుకొని ఉప్పేసింది. ఒక్క బుక్క తాగిండు. ఆమె మొకం చూసిండు. ఇగ ఆగకుంట మొత్తం తాగి, ‘మంచిగున్నదమ్మా’ అన్నడు. నోటీసు జేబుల పెట్టుకొని మెట్లు దిగిండు.”

ఇద్దరు కళ్లొత్తుకున్నారు. కత్తెరలు కదిలాయి. ఆ తర్వాత మా గల్లీలో ఎవరింటి కూర ఎలా ఉన్నా, తిన్నవాళ్లు “నీలకంఠం లెక్క తిన్న” అనేవారు.

రెండేళ్ల కిందట ఈ కథ సూరత్‌లోనే నదికి అవతలున్న అడాజన్ చేరింది. అక్కడ సుజిత్ అనే సాఫ్ట్‌వేర్ ఉద్యోగికి యూట్యూబ్‌లో ‘మూడో వాటా’ చూసి పిచ్చెక్కింది. ఆదివారాలు తన ఫ్లాట్‌లో పదిమంది తెలుగువాళ్లను పోగేసేవాడు. కామేశ్వరి గోడ మీది క్యాలెండర్‌లో మొదటి భాగం నుంచీ నెల మారలేదని అతను కనిపెట్టాడు. నీలకంఠానికి కుడి చెప్పు ఒక్కటే కిర్రుమంటుందని అక్కడికొచ్చే డాక్టర్ హిమశ్రీ కనిపెట్టింది. మా గల్లీ నుంచి వదినా నేనూ, రిటైరైన మగ్గాల మాస్టర్ పరుశురాం వెళ్లేవాళ్లం. ఆఖరి భాగం యూట్యూబ్‌లోనూ లేదు. దానికి ఉన్న ఒకే ఒక సాక్షి వదిన కాబట్టి, మంచి కుర్చీ ఆమెకే.

ఒక వారం సుజిత్ మెసేజ్ పెట్టాడు. ఆఖరి భాగం దొరికింది, ఆదివారం టీవీలో వేస్తున్నాను, ఊర్మిళ ఆంటీ తప్పకుండా రావాలి అని.

ఆ ఆదివారం బస్సులో వదిన కిటికీలోంచి చూస్తూ కూర్చుంది. తాపీ నది దాటుతుండగా నా మోచేయి పట్టుకుంది.

“మీనాక్షీ, గా భాగం నేను చూడలే.”

“ఏ భాగం?”

“ఇంకేది? ఉప్పు కాఫీది. మా అమ్మగారింట్ల ఆ దినం కరెంటు లేదు.”

“మరి ఇన్నేండ్లు చెప్పినవ్?”

“అడిగిండ్రు, చెప్పిన. ఆయన పాపం ఒక్క దినమన్న తాగొద్దా?” మళ్లీ కిటికీ వైపు తిరిగి, “ఇగ ఇయ్యాల నా ఇజ్జత్ టీవీల వస్తది,” అంది.

దిగి వెనక్కి పోదామన్నాను. ఒప్పుకోలేదు. నీలకంఠం ఏం చేశాడో తనకూ చూడాలని ఉందట.

టీవీలో నీలకంఠం చేయి చాచాడు. పెళ్లి రాలేదు. “పాలు విరిగాయండీ,” అని కామేశ్వరి గ్లాసు వెనక్కి తీసుకుపోయింది. నోటీసుతో విసనకర్రలా విసురుకుంటూ ఆయన వాకిట్లో నిలబడ్డాడు. పేర్లు పడ్డాయి. అయిపోయింది.

హిమశ్రీ వదిన వైపు తిరిగింది. “ఉప్పు కాఫీ ఏది ఆంటీ?”

వదిన నోరు తెరిచేలోపే పరుశురాం లేచాడు. “గిది కట్ చేసిండ్రు. నేను కండ్లార చూసిన. స్టీల్ గ్లాసు. ఎడమ చేత్తో అందుకున్నడు.”

ఊ అంటే చాలు, వదిన గండం గట్టెక్కుతుంది. ఆమె పరుశురాం వైపు చూసి నవ్వింది.

“నువ్వు చూడలే అన్నా. నేను గూడ చూడలే. గది నేను అల్లిన కత.”

“ఏందమ్మా గట్లంటవ్? నాకు మంచిగ యాదికున్నది.”

“నీకు యాదికున్నది నా మాట.”

“నువ్వే మర్చిపోయినవ్ చెల్లె,” అన్నాడు పరుశురాం జాలిగా. “వయసు మీద పడ్డంక గట్లనే అయితది. నేనున్న గదా, ఫికర్ చేయకు.”

సుజిత్ అప్పటికే వీడియో నిడివి లెక్క చూస్తున్నాడు. మిగతా భాగాల కన్నా ఇది పొట్టిగా ఉందన్నాడు. ఏదో కోసేశారని తేల్చారు. వదిన ఇంకో రెండుసార్లు నిజం చెప్పింది. ఆంటీ పెద్దమనసుతో అలా అంటోందని హిమశ్రీ ఆమెకు ఇంకో ఢోక్లా ముక్క వేసింది. తిరుగు బస్సులో వదిన చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఉధ్‌నా స్టాపు దాకా నవ్వుతూనే ఉంది.

“అబద్ధం చెప్తే ఏడ్చిండ్రు,” అంది. “నిజం చెప్తే ఢోక్లా పెట్టి నోరు మూసిండ్రు.”

పోయిన చలికాలం వదిన పోయింది. నాలుగు దినాల జ్వరం, అంతే. నేను చాలా ఆదివారాలు అడాజన్ వెళ్లలేదు. మొన్న వెళ్లాను. ఆమె కుర్చీలో ఎవరూ కూర్చోలేదు కానీ, మాటలు మాత్రం ఎప్పటిలాగే నడుస్తున్నాయి. నీలకంఠం అన్నిట్లో కుడిచేతి వాటం కదా, అన్నాడు సుజిత్. అంత పద్ధతి గల మనిషి ఆ ఒక్క కాఫీ ఎడమ చేత్తో ఎందుకు అందుకున్నట్టు?

“కుడి చేతిలో నోటీసు ఉంది కదా,” అంది హిమశ్రీ. “ఒక చేతిలో నోటీసు, ఇంకో చేతిలో కాఫీ. ఏది ముందు కింద పెడతాడన్నదే ఆ సీను.”

“మడత పెట్టిన కాయితం,” అన్నాడు పరుశురాం. “నేను చూసిన.”

అందరూ తలలూపారు. నేనూ ఊపాను. నా కళ్ల ముందు మాత్రం అప్పటి మా వరండా, వదిన ఒళ్లో ఆకుపచ్చ చీర, దాని మీద తెగిన దారాల పోగు. గ్లాసు లేని ఎడమ చేయి గాల్లో ఉంది. కుడి చేతిలో కత్తెర ఉంది.