ఫ్లెక్సీలో చెరిపేసిన బొట్టు

నాయనమ్మ పెద్దకర్మ రోజు పొద్దున్నే ఇంటిముందు పందిరికి ఫ్లెక్సీ కట్టారు. చూడగానే నాకు ఒళ్ళు మండిపోయింది. మిరపకాయల కల్లంలో నేను తీసిన ఫోటో అది. నవ్వు అదే, తలమీద తుండుగుడ్డ అదే. నుదుటి మీద బొట్టు మాత్రం లేదు. గురజాలలో ఫ్లెక్సీ కొట్టువాడు కంప్యూటర్లో శుభ్రంగా చెరిపేశాడు. చెరపమన్నది మా బాబాయి.

రూపాయి బిళ్ళంత బొట్టు ఆవిడది. తాతయ్య పోయేనాటికి ఆవిడకు ముప్పై కూడా నిండలేదట. చంకలో మా బాబాయి, పక్కన మా నాన్న. ఊళ్ళో ఆడవాళ్ళు చేరి పసుపు కుంకుమలు తీయించారు. నెల తిరక్కుండానే ఆవిడ మళ్ళీ బొట్టు పెట్టుకుని చేలోకి దిగింది. ఇదేం చోద్యమని అడిగినవాళ్ళకు చెప్పిన జవాబు మా ఊళ్ళో ఇప్పటికీ చెప్పుకుంటారు.

"ఇది మా అమ్మ ఉయ్యాల్లో పెట్టింది. నాకు నడక రాకముందు నుంచీ ఉంది. నడమ వచ్చినాయన పోతే ఇదెందుకు పోవాలంట?"

మా వైపు మిరప తొలికోతకు మొదటి కాయ ముత్తయిదువ చేత కోయిస్తారు. మా చేలో ఆ పని నాయనమ్మ ఎవరికీ ఇచ్చేది కాదు. కూలికి వచ్చినవాళ్ళు మొహమొహాలు చూసుకుంటుంటే తనే సాలులోకి వెళ్ళి కోసేది. ఒక ఏడు తెగులు తగిలి మా తోట ఎండిపోయింది. చూశారా, మేం అనలేదా అన్నారంతా.

నాయనమ్మ గట్టెక్కి నిలబడి, "మరి మీ ముత్తయిదువలు కోసిన చేలు పచ్చగా ఉన్నాయా ఏందే?" అని అందరికీ వినపడేట్టు అడిగింది. ఆ ఏడు ఊళ్ళో ఏ తోటా మిగల్లేదు.

ఆవిడ మాట చెల్లనిది ఒక్క మా అమ్మ దగ్గరే. మా నాన్న పోయినప్పుడు, "తీయమాకే, నేనున్నాగా" అని కోడలికి అడ్డంగా కూర్చుంది. అమ్మ భయపడింది. "నీ అంత ధైర్యం నాకు లేదత్తా" అని తన బొట్టు తనే తుడిచేసుకుంది. అప్పటినుంచీ బోసి నుదురుతోనే ఉంది.

"బాబాయ్, బొట్టేది?" అన్నాను.

"బంధువులంతా వస్తారే. బతికినన్నాళ్ళూ అమ్మని చానా మాటలన్నారు. పోయినాకన్నా ఎవరూ ఏమీ అనకూడదని..."

తల్లి మీద ఆయన ప్రేమ అబద్ధం కాదు. అందుకే నాకు మరీ కోపం వచ్చింది. ఊరంతా కలిసి చెయ్యలేని పనిని కన్నకొడుకు ప్రేమతో చేసిపెట్టాడు.

"అననీ. మాటలకు ఆమె ఏనాడన్నా జడిసిందా? ఈ బొట్టు లేనామె ఎవరో నాకు తెలవదు."

"ఏందే, ఇయ్యాల కూడా గొడవేనా?"

"గొడవే బాబాయ్."

పూజ పళ్ళెంలోంచి కుంకుమ తీసి కొబ్బరినూనెతో తడిపాను. ప్లాస్టిక్ కుర్చీ ఎక్కి ఫ్లెక్సీ మీద పెట్టాను. నున్నటి ఫ్లెక్సీ కదా, జారి ముక్కు మీదికి కారింది. చున్నీతో తుడిచి మళ్ళీ పెట్టాను. వంకరగా వచ్చింది. అయినా సరే, ఇప్పుడు ఈవిడ మా నాయనమ్మ. అప్పుడే ఆటోలు దిగిన చుట్టాలు గేటు దగ్గరే ఆగిపోయి చూస్తున్నారు. ఎవరన్నా నోరెత్తితే చెప్పడానికి నా దగ్గర చాలా ఉంది.

కుర్చీ దిగి వేలికి మిగిలింది తుడుచుకోబోతుంటే అమ్మ వచ్చి నా చెయ్యి పట్టుకుంది.

"తుడవమాకే. నాకు పెట్టు."

"చిన్నది పెట్టనా అమ్మా?"

"మీ నాయనమ్మకు పెట్టినంత పెట్టు."

అందరూ చూస్తుండగానే పెట్టాను.