ఆదివారం మధ్యాహ్నం అమ్రోలికి

మా సంఘంలో ఆ పెద్దమ్మంటే నాకు మొదటి నుంచీ భయమే. ఇష్టం ఉండేదని మాత్రం చెప్పలేను. సూరత్‌లోని డిండోలిలో దుకాణాల పైన అద్దెకు తీసుకున్న హాలులో మా ఆరాధన జరుగుతుంది. ఆడవాళ్ల వైపు మొదటి చాప ఆమెది. నేను కొత్తగా చేరిన రోజుల్లో పాటలో ఒక చరణం తప్పు పాడితే, పాట అయ్యేదాకా కూడా ఆగకుండా వెనక్కి తిరిగి, "రాకుంటే ఊకో బిడ్డా, పక్కోళ్లను గూడ చెడగొట్టకు" అంది. అందరూ విన్నారు. ఆ తర్వాత రెండు నెలలు నేను పెదాలు మాత్రమే కదిపాను.

కానీ ఆమె ప్రార్థన చేస్తుంటే హాలంతా నిశ్శబ్దమైపోయేది. సొంత ఊరి మాటలో, దేవుడు ఎదురుగా పీట వేసుకుని కూర్చున్నట్టే మాట్లాడేది. అడిగేది, అలిగేది, గద్దించేది. ఏళ్లతరబడి మగ్గాల చప్పుడుకు చెవులు మందగించిన మగవాళ్లకు కూడా ఆ గొంతు వినపడేది.

అట్లాంటి మనిషి స్నానానికి పోయి జారిపడి తుంటి ఎముక విరగ్గొట్టుకుంది. ఆపరేషన్ అయింది గానీ మళ్లీ లేచి నిలబడలేకపోయింది. అమ్రోలిలో కొడుకు ఇంట్లో, రెండో అంతస్తులో, మంచం పట్టింది.

మొదటిసారి చూడ్డానికి నలుగురం వెళ్లాం. పాస్టర్ గారు, పాస్టరమ్మ, ఒక సంఘ పెద్ద, నేను. నేనెందుకంటే, ఆరాధన అయ్యాక చెప్పులు దొరక్క మెట్ల దగ్గర ఆలస్యమై పాస్టరమ్మ కంట్లో పడ్డాను. అంతకు మించి వేరే కారణం లేదు. వారమంతా సలాబత్‌పురాలో ఒక చీరల దుకాణంలో నిలబడి దారాలు కత్తిరించి, చీరలు మడతపెట్టే పని నాది. ఆదివారం మధ్యాహ్నం ఒక్కటే నడుం వాల్చే సమయం.

అక్కడ పాస్టర్ గారు వాక్యం చదివారు. సంఘ పెద్ద చాలాసేపు ప్రార్థన చేశారు. పెద్దమ్మ కళ్లు తెరుచుకునే ఉంది, పైన తిరిగే ఫ్యానును చూస్తూ. కోడలు చాయ్ తెచ్చింది. సూరత్‌లోనే పుట్టి పెరిగిన తెలుగు పిల్ల. మా విశ్వాసం కాదు. అత్త మంచం పైన గోడకు సిలువ, వంటగదిలో అరమీద కోడలి దేవుళ్ల పటాలు. కొడుకు పనిచేసే చోట మగ్గాలు ఆగేది ఆదివారం కాదు కాబట్టి అతను ఇంట్లో లేడు.

అందరూ మెట్లు దిగారు. వెనక ఉన్న నన్ను కోడలు చెయ్యి పట్టుకుని ఆపింది.

"అక్కా, జర ఆగు. ప్రార్థన అయిపాయె గదా. ఇప్పుడు ఆమెను పక్కకు తిప్పాలె, బట్టలు మార్చాలె. నా ఒక్కదానితోని అయితలేదు. మీరు వస్తరు, కండ్లు మూసుకుంటరు, చాయ్ తాగుతరు, పోతరు. లేపేటోళ్లు ఎవలు?"

అరవలేదు. అరిచే ఓపిక కూడా లేనట్టుగా అంది. నేను చెప్పులు మళ్లీ విప్పాను.

ఇద్దరం కలిసి ఆమెను పక్కకు తిప్పాం. వీపు కింద పుండు పడింది. ఆ వాసనకు నేను ముఖం తిప్పుకుంటే పెద్దమ్మ చూసింది. బట్టలు మార్చి, దుప్పటి లాగి, మళ్లీ పడుకోబెట్టేసరికి నా నడుం పట్టేసింది. కిందికి వెళితే మేము వచ్చిన ఆటో లేదు. నేను ముందే వెళ్లిపోయాననుకున్నారట. బస్సులో నిలబడి తాపీ నది దాటాను.

ఆ బుధవారం స్త్రీల కూటంలో విషయం చెప్పాను. అందరి గుండెలూ కరిగాయి. ఒకావిడ ఏడ్చింది కూడా. వారానికి ఇద్దరు చొప్పున వెళ్లాలని పేర్లు రాసి చీటీ గోడకు అంటించారు. మొదటి నెల బాగానే జరిగింది. తర్వాత ఒకరికి పిల్లల పరీక్షలు, ఒకరిని కడుపుతో ఉందని మెట్లు ఎక్కొద్దన్నారు, ఒకరికి భర్త ఒప్పుకోలేదు, ఒకరికి నాకంటే ఎక్కువ నడుం నొప్పి. అబద్ధం ఒక్కటీ లేదు. కోపం తెచ్చుకుందామన్నా ఎవరి మీద తెచ్చుకోవాలో తెలియలేదు. చివరికి నేను ఒక్కదాన్నే మిగిలాను. భక్తి ఎక్కువై కాదు. మానేస్తానని చెప్పే ధైర్యం లేక.

ప్రతి ఆదివారం ఒకే వరుస. ఒంటిగంటకు ఆరాధన అయిపోతుంది, డబ్బాలోని అన్నం హాలులోనే తింటాను, రెండు బస్సులు మారి అమ్రోలి చేరతాను. నేనూ కోడలూ కలిసి ఆమెను లేపుతాం, తుడుస్తాం, మందు రాస్తాం. తర్వాత ఆమెకు వాక్యం చదువుతాను. నేను తడబడితే పడుకునే సరిదిద్దేది. ఆపైన నేను చిన్న ప్రార్థన చేసేదాన్ని. ఆమె ఆమేన్ అనేది కాదు. నా ప్రార్థన ఆమెకు ఆనలేదనుకున్నాను. ఆమె పక్కన నిలబడి ప్రార్థించడమంటే నాకు పరీక్ష రాసినట్టే ఉండేది.

ఎండలు ముదిరాక ఒకరోజు నేను వాక్యం తెరవగానే చెయ్యి అడ్డం పెట్టింది.

"ఇయ్యాల సదువకు బిడ్డా. తల ఒకటే గీరుతున్నది. తలకు పొయ్యి."

మంచం మీద పడుకున్న మనిషికి తలంటడం మా ఇద్దరికీ తెలియదు. కోడలు ప్లాస్టిక్ కవరు పరిచి, దాని కొస బకెట్లోకి వదిలింది. నేను మెడ కింద చెయ్యి పెట్టి పట్టుకున్నాను. చెంబుతో పోస్తే సగం నీళ్లు బకెట్లోకి, సగం నా చీర మీదికి. తెల్లని పలచటి జుట్టు, కింద పసిపిల్ల తల లాంటి తల. పెద్దమ్మ కళ్లు మూసుకుంది. ఇన్ని వారాల్లో మేము అక్కడ ఉండగా ఆమె కళ్లు మూసుకోవడం అదే మొదటిసారి.

కోడలు బకెట్ పారబోయడానికి వెళ్లినప్పుడు, నేను తల తుడుస్తుంటే మెల్లగా అంది.

"బిడ్డా, నేను ప్రార్థన చేస్తలేను."

ఏమందో అర్థం కాక ఆగాను.

"పడ్డకాంచి చేస్తలేను. నోట్లెకు మాట వస్తలేదు. ఏం అడగాలె? అడిగి అడిగి అలసిపోయిన. ఎవలికి చెప్పకు."

ఇంకొకరైతే ఏదైనా వాక్యం చెప్పి ధైర్యపరిచేవారు. నాకూ నాలుగు మాటలు గుర్తొచ్చాయి. కానీ చీర తడిసి ఉంది, నడుం లాగుతోంది, తిరుగు బస్సులు రెండు ఉన్నాయి. నోటికి నిజమే వచ్చింది.

"నేను గూడ అలసిపోయిన పెద్దమ్మా. బస్సులోనే నిద్రొస్తది. మీ ముందట చేసే ప్రార్థన గూడ మీకు భయపడే చేస్తున్న."

ఆమె నవ్వింది. నోట్లో పళ్లు లేవు, నవ్వంతా బుగ్గల్లోకి పోయింది.

"అట్లనా? అయితే ఇద్దరం ఊకుందాం."

ఊరికే కూర్చున్నాం. కింద వీధిలో ఎవరో గుజరాతీలో కూరగాయల బేరం చేస్తున్నారు. కోడలు వచ్చి మమ్మల్ని చూసి, "ఏమాయె?" అంది. "ఏం లేదు" అన్నాం.

కొన్ని వారాల తర్వాత పాస్టర్ గారు ఆరాధనలో నా సేవ గురించి చెప్పారు. నన్ను లేచి నిలబడమన్నారు. అందరూ చప్పట్లు కొట్టారు. నా ఒళ్లు మండిపోయింది. చీటీ మీద పేర్లున్న వాళ్లు కూడా చప్పట్లు కొడుతున్నారు. ఆ మరుసటి ఆదివారం నేను అమ్రోలి వెళ్లలేదు. డబ్బా తెరవకుండా ఇంటికి వచ్చి, తిని, పడుకుని, దీపాల వేళ దాకా నిద్రపోయాను. ఫోన్ కూడా చేయలేదు.

తర్వాతి వారం వెళితే కోడలు తలుపు తీసి, నా ముఖం చూడకుండానే అంది.

"రానని ఒక్క ఫోన్ చేస్తే అయిపోతుండె అక్కా. నువ్వు వస్తవని నాలుగు దాకా చూసిన. ఆమె తడిలనే పండుకున్నది. నాలుగింటికి పక్కింటి హిందీ ఆమెను బతిమిలాడి తెచ్చుకున్న."

నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. లోపలికి వెళ్లి మంచం పక్కన నిలబడ్డాను. పెద్దమ్మ నన్ను కాసేపు చూసింది.

"నిద్రపోయినవా?"

"పోయిన పెద్దమ్మా."

"మంచిగ పట్టిందా?"

"పట్టింది."

"మంచిది" అంది. అంతే. ఆ మాటకు నాకు ఏడుపొచ్చింది. ఏ ప్రసంగానికీ రానంత ఏడుపు. కోడలు నా చేతిలో గుడ్డ పెట్టి, "ఏడుపు తర్వాత, ముందుగాల కాళ్లు పట్టు" అంది.

వానాకాలంలో, ఒక గురువారం పగటిపూట ఆమె పోయింది. నేను పనిలో ఉండగా కోడలు ఫోన్ చేసింది. "పోయింది అక్కా" అంది, ఫోన్ మాత్రం పెట్టేయలేదు. నేనూ పెట్టేయకుండా చీర చేతిలో పట్టుకుని నిలబడ్డాను.

మరునాడు సమాధుల తోటలో సంఘమంతా ఉంది. వాన సన్నగా పడుతోంది. ఒకరి తర్వాత ఒకరు సాక్ష్యం చెప్పారు, ఆమె ప్రార్థన వల్ల ఎవరికి ఏ మేలు జరిగిందో. అవన్నీ నిజాలే. ఆఖరి శ్వాస దాకా ప్రార్థనలోనే ఉందని ఒకావిడ చెప్పినప్పుడు నేను బురదలోకి చూస్తూ ఉండిపోయాను. చెప్పొద్దంది కాబట్టి చెప్పలేదు. కోడలు అందరికీ వెనక, వాళ్లు మూసి ఇచ్చిన గొడుగులు పట్టుకుని నిలబడింది. ఆమెను మాట్లాడమని ఎవరూ అడగలేదు. నాకూ అడగాలని అప్పుడు తోచలేదు, ఇప్పుడు సిగ్గుగా ఉంది.

తిరిగి వచ్చేటప్పుడు ఆమెతోపాటు ఆటోలో అమ్రోలి వెళ్లాను. ఆటో వంతెన ఎక్కింది. అప్పుడు ఆమె అంది.

"అక్కా, ఒకటి చెప్త. తప్పు పట్టకు."

"చెప్పు చెల్లె."

"మంగళవారం పొద్దుగాల నీళ్లు తాపుతుంటే నా చెయ్యి పట్టుకున్నది. బిడ్డా, జర ప్రార్థన చెయ్యి అన్నది. పెండ్లి అయినకాంచి నన్ను ఎన్నడు బిడ్డా అనలే. మీ ప్రార్థన నాకు రాదు అత్తమ్మా అన్న. నీకు వచ్చిందే చెయ్యి అన్నది. నేనేం చెయ్యాలె? మా అమ్మవారికే మొక్కిన. తల్లీ, ఇగ ఈమెను కష్టపెట్టకు, నన్ను గూడ కష్టపెట్టకు అన్న. పాపమాయెనా అక్కా?"

"పెద్దమ్మ ఏమన్నది?"

"ఆమేన్ అన్నది. గట్టిగనే."

పాపమా కాదా అని చెప్పేంత చదువు నాకు లేదు. పాస్టర్ గారిని అడిగితే ఏమంటారో తెలుసు, అందుకే ఇప్పటిదాకా అడగలేదు.

"నాకు తెల్వదు చెల్లె" అన్నాను. "ఇన్ని వారాలు నేను చేసిన. నాకు ఒక్కసారి గూడ ఆమేన్ అనలే."

ఆమె కళ్లలో నీళ్లతోనే నవ్వింది. అత్త పోయాక ఆమె ఏడ్వడం, నవ్వడం కూడా అప్పుడే చూశాను.

ఇంట్లో మంచం అట్లాగే ఉంది. కొడుకు సమాధుల తోట దగ్గర పనులు చూసుకుని ఇంకా రాలేదు. పరుపు ఇంట్లో ఉంచుకోలేమని కోడలు అంది. చెరొక కొస పట్టుకుని రెండంతస్తుల మెట్లు దించాం. తడిసిన పరుపు బరువు ఇంతని అంతకుముందు తెలియదు. ప్రతి మలుపు దగ్గరా ఆగి, గోడకు ఆనుకుని, ఊపిరి పీల్చుకుని, మళ్లీ ఎత్తాం.