ఈశాన్యం పక్కన వాయవ్యం

మా అమ్మాయి పురుటికి వస్తుందని తెలిసిన రోజు నుంచీ నాకు ఇంట్లో కాలు నిలవలేదు. తను మణుగూరు దగ్గర, చుట్టూ అడవి ఉన్న కాలనీలో ఉంటుంది. అల్లుడు భారజలం తయారుచేసే చోట ఉద్యోగి. నేను ఖమ్మంలో ఒక కోచింగ్ కాలేజీలో తెలుగు చెబుతాను, అంటే ర్యాంకులు తేలేని సబ్జెక్టు చెబుతాను. అల్లుడిది భారజలం, మామది జలభారం అని ఒక మాట కట్టి ఇంట్లో వినిపించాను. ఎవరూ నవ్వలేదు. నా మాటలకు నవ్వడం మా ఇంట్లో ఎప్పుడో మానేశారు. కాలేజీలో పిల్లలు మాత్రం అటెండెన్స్ కోసం నవ్వుతారు.

ఏడో నెల నిండి అమ్మాయి వచ్చేసరికి ఇల్లంతా సర్ది పెట్టాను. నీళ్ళు కాగబెట్టే హీటర్ రాడ్‌ను అటక మీద పడేశాను. గ్యాస్ ట్యూబు మార్పించాను. బాత్రూంలో జారకుండా గరుకు పట్టా వేశాను. దానికి కాలు తట్టుకుని మొదట పడబోయింది నేనే. ఇంకా పుట్టని పిల్ల వేలు పెడుతుందని ప్లగ్గులన్నిటికీ ప్లాస్టిక్ మూతలు బిగిస్తుంటే మా ఆవిడ చూసి, "ఆ పిల్ల వచ్చి పాకేదాకా మనం ఫోన్లు ఛార్జింగ్ పెట్టుకోవద్దా ఏంది?" అన్నది.

ఇవన్నీ చిన్న భయాలు. పెద్ద భయం నీళ్ళతో వచ్చింది. అమ్మాయిని చూపించడానికి ఆస్పత్రికి తీసుకెళ్ళినప్పుడు డాక్టరమ్మ మందులు రాస్తూ, తలెత్తకుండానే చెప్పింది.

"ఎండాకాలం. ఊళ్ళో కామెర్ల కేసులు వస్తున్నయ్. మామూలోళ్ళకు వస్తే పథ్యంతో పోవచ్చు. కడుపుతో ఉన్నోళ్ళకు వస్తే తల్లికీ బిడ్డకూ ప్రాణం మీదికి రావచ్చు. నీళ్ళు జాగ్రత్త."

మా వెనక కూర్చున్న వాళ్ళకూ ఆమె అదే మాట అదే గొంతుతో చెప్పి ఉంటుంది. వాళ్ళు విని ఇంటికి పోయి అన్నం తిని ఉంటారు. నేను మాత్రం ఆ మాటను చంకన పెట్టుకుని తిరిగాను.

నీళ్ళు శుద్ధిచేసే మిషను మా ఇంట్లో ముందు నుంచే ఉంది. పంచప్రాణాలు చాలక ఇది మా ఆర్వో ప్రాణం అనేవాణ్ణి. ఇప్పుడు దాని మీదా నమ్మకం చాలలేదు. అందులోంచి వచ్చిన నీళ్ళను మళ్ళీ కాచి, చల్లార్చి, గుడ్డతో వడగట్టి, స్టీలు బిందెలో పోసి మూత పెట్టేవాణ్ణి. అమ్మాయి ఒక గుక్క తాగి మొహం చిట్లించింది.

"నాన్నా, ఇవి నీళ్ళు కావు. నీళ్ళ ఫోటో."

అంతటితో ఆగలేదు. నీళ్ళల్లో ముంచితే అంకె చూపించే మీటరు ఒకటి కొన్నాను. చూడటానికి పెన్నులా ఉంటుంది. జీవితమంతా పెన్నుతో దిద్ది బతికినవాణ్ణి కాబట్టి దానికి సులభంగా లొంగిపోయాను. జేబులో పెట్టుకుని ఊరంతా తిరుగుతూ దొరికిన నీళ్ళకల్లా మార్కులు వేశాను. కాలేజీ కూలరు, ఫంక్షన్ హాలు క్యాను, బస్టాండు కుళాయి, ఏదీ వదల్లేదు. టీ కొట్టతను నా చేతిలో గ్లాసు వెనక్కి లాక్కుని, "సార్, తాగితే తాగు గానీ జ్వరం చూడకు" అన్నాడు. ఆ మీటరుకు నీళ్ళలో కరిగిన లవణాల సంగతే తెలుస్తుందనీ, క్రిముల సంగతి దానికి పట్టదనీ పెట్టె మీద చిన్న అక్షరాల్లో రాసే ఉంది. వాక్యనిర్మాణం బాగాలేదని ఆ భాగం చదవలేదు.

నా భయానికి ఇంకో కారణం పడమటి పక్కిల్లు. ఆ ఇంటామె అంగన్‌వాడీ టీచరు. నన్ను అన్నా అంటుంది, మా ఆవిడను వదినా అంటుంది, మేమేమో ఆమెను టీచరమ్మ అంటాం. భర్త భద్రాచలం బస్సులో కండక్టరు. అమ్మాయి రావడానికి కొద్దిరోజుల ముందు ఆయనకు కామెర్లు వచ్చాయి. వీధి వీధంతా ఒకే తీర్పు చెప్పింది. ఇక్కణ్ణించి భద్రాచలం దాకా ఎన్ని బస్టాండ్లున్నాయో అన్నిటి నీళ్ళూ తాగే మనిషికి రాక ఎవరికొస్తాయి? ఆయన తన సర్వీసులో టికెట్ లేకుండా ఎక్కించుకున్నది కామెర్లను మాత్రమే అని నేనూ ఒక మాట విసిరాను. టీచరమ్మ ఆయన్ను పథ్యానికీ పసరు మందుకూ భద్రాచలం అవతల అడవి దాపున ఉన్న వాళ్ళమ్మ ఊరికి పంపి, ఇక్కడ ఒక్కతే ఉంటోంది.

మా అమ్మాయికి ఆమె దగ్గరే మనసు కుదిరింది. మధ్యాహ్నం నేను కాలేజీ నుంచి వచ్చేసరికి అమ్మాయి వాళ్ళ వరండాలో కాళ్ళు చాపుకుని కూర్చుని ఉండేది. పచ్చి మామిడికాయ ముక్కలు, ఉప్పు, కారం, పక్కన కుండలోంచి ముంచిన చెంబెడు నీళ్ళు.

"అత్త వాళ్ళ కుండ నీళ్ళు తీపి నాన్నా," అన్నది.

ఆ తీపి నాకు చేదైంది. ఒకరోజు ఆ కుండ నీళ్ళు సీసాలో తెప్పించి మీటరు ముంచాను. మా నీళ్ళకంటే మంచి మార్కులు వచ్చాయి. దాంతో నా దగ్గర వాదన లేకుండా పోయింది, భయం మాత్రం అలాగే మిగిలింది.

"ఆ ఇంట్లో మొన్నటిదాకా కామెర్ల మనిషి ఉన్నడు. నీళ్ళు మాత్రం మన బాటిల్ తీస్కపో," అన్నాను.

"నేను అట్ల పోను. ఆమె ఏమనుకుంటది?"

"ఏమీ అనుకోదు. చదువుకున్న మనిషి."

అమ్మాయి రెండు రోజులు ఒట్టి చేతులతోనే పోయింది. మూడోనాడు నా మొహం చూడలేక బాటిల్ పట్టుకెళ్ళింది.

మర్నాడు పొద్దున టీచరమ్మ మా గేటు దగ్గర నిలబడింది. ఎప్పుడూ గేటు తోసుకుని వంటింటి దాకా వచ్చే మనిషి, ఆ రోజు లోపలికి రమ్మన్నా రాలేదు.

"అన్నా, ఒక్క మాట. మా ఇంట్ల నీళ్ళు తాగనోళ్ళను మా నాయన కాలం నుంచి చూస్తనే ఉన్నం. నాకేం కొత్త గాదు. కానీ మీ ఇల్లు గట్ల గాదనుకున్న."

అది కాదమ్మా, కామెర్లు, డాక్టరమ్మ, కడుపుతో ఉన్న పిల్ల అంటూ ఏదో చెప్పబోయి నీళ్ళు నమిలాను. ఇన్ని నీళ్ళు కాచినవాణ్ణి, సమయానికి ఒక్క ముక్క సరిగ్గా వడగట్టి చెప్పలేకపోయాను. పదేళ్ళుగా వాళ్ళ క్రిస్మస్ కేకు మేం తిన్నాం, మా సంక్రాంతి సకినాలు వాళ్ళు తిన్నారు. అవేవీ ఒక ప్లాస్టిక్ బాటిల్ ముందు నిలబడలేదు.

"సరే," అన్నది. "ఆదివారం ప్రార్థన అయినంక మా సంపు కడుగుత. నువ్వొచ్చి చూడు. మా నీళ్ళు మంచియో కాదో నీ కళ్ళతోనే చూసి మీ పిల్లకు చెప్పు."

మా వైపు సంపు అంటే ఇంటి ముందు నేలలో కట్టించుకునే నీళ్ళ తొట్టి. ఎవరి మీదైనా కోపమొస్తే చంపు అనడానికి వాడే మాట కూడా అదే. ఆమె ఏ అర్థంలో పిలిచిందో తేలక ఆదివారం దాకా ఇంట్లో గదులు లెక్కపెడుతూ తిరిగాను.

ఎండాకాలం కదా, కుళాయి రోజు విడిచి రోజు వస్తోంది. సంపులో నీళ్ళు అడుగుకు దిగి ఉన్నాయి. టీచరమ్మ పొద్దున్నే మూత తీసిపెట్టి, గాలి ఆడేదాకా ఎవరినీ దగ్గరికి రానీయలేదు. చర్చి నుంచి వచ్చాక మోటారుతో ఉన్న నీళ్ళు తోడేసింది, చీర కుచ్చిళ్ళు దోపుకుని చీపురు అందుకుంది. నేను దిగుతానన్నాను. దిగమని ఆమె అడగలేదు, మా ఆవిడ ఒప్పుకోలేదు, నా మోకాళ్ళు అసలే ఒప్పుకోలేదు. అయినా నిచ్చెన పట్టుకుని దిగాను. ఆ ఇంటి నీళ్ళ దగ్గర నేను ముక్కు మూసుకునే మనిషిని కానని చూపించుకోవడానికి నాకు అంతకంటే మంచి దారి తోచలేదు.

పైన మూడు తలలు వంగి చూస్తున్నాయి. టీచరమ్మ, మా ఆవిడ, మా అమ్మాయి.

"సారూ, బోర్డు తుడిచినట్టు తుడువు," అన్నది టీచరమ్మ. గొంతులో కొంచెం పాత చనువు వినిపించి ప్రాణం లేచొచ్చింది.

గోడలు శుభ్రంగానే ఉన్నాయి. గుడ్డతో తుడిచిన చోటల్లా సిమెంటు పొడిగా తెల్లబడుతోంది. తూర్పు గోడ కింది మూల మాత్రం తుడిచాక మళ్ళీ తడిసింది. మిగిలిన నీళ్ళేమో అనుకుని ఇంకోసారి తుడిచాను. చూస్తుండగానే సన్నని చెమ్మ గీత పైకి తేలి, చెమటలా కిందికి జారింది. మూడోసారి తుడిచి గుడ్డ ముక్కు దగ్గర పెట్టుకున్నాను.

ఆ వాసనకు పర్యాయపదాలు చెప్పనక్కర్లేదు.

తలెత్తి చూశాను. సంపు పైన ప్రహరీ గోడ. ప్రహరీ గోడకు అవతల, నెత్తిన జాలీ టోపీ పెట్టుకుని, మా సెప్టిక్ ట్యాంకు గాలి గొట్టం నిలబడి ఉంది.

ఈ రెండిళ్ళకూ గీత గీసింది ఒకే సిద్ధాంతి. రెండూ ఉత్తరం మొహం ఇళ్ళే. నీళ్ళు ఈశాన్యంలో ఉండాలి, మరుగుదొడ్డి తొట్టి వాయవ్యంలో ఉండాలి అన్నాడు. ఇద్దరం అక్షరం తప్పకుండా కట్టుకున్నాం. మాది మూల ఇల్లు, మా ఈశాన్యం పక్కన రోడ్డుంది కాబట్టి మా సంపు క్షేమం. వాళ్ళ ఈశాన్యానికి పక్కన ఏముంటుందని ఎవరం అడగలేదు. మా వాయవ్యం ఉంటుంది. సంపు నిండుగా ఉన్నన్నాళ్ళు నీళ్ళ బరువు ఆ చెమ్మను ఆపి ఉంటుంది. ఎండాకాలం నీళ్ళు అడుగంటగానే దారి దొరికింది.

"ఏందన్నా, మాట్లాడవేంది? ఏమన్నా కనబడ్డదా?"

"కనబడ్డదమ్మా."

"ఏంది?"

"మాదే," అన్నాను.

టీచరమ్మ ప్రహరీ గోడ వైపు చూసింది, గొట్టం వైపు చూసింది, నా చేతిలో గుడ్డ వైపు చూసింది. నన్ను తిడుతుందనుకున్నాను. తిట్టలేదు.

"ఆయన్ను బస్టాండ్ల నీళ్ళు తాగినవని ఎంత సతాయించిన్నో," అన్నది, తనలో తాను అనుకున్నట్టు.

అప్పుడు మా అమ్మాయి గొంతు వినిపించింది. "నాన్నా, మరి నేను తాగిన నీళ్ళు?"

నిచ్చెన ఎట్లా ఎక్కానో తెలియదు. అదే తడి బట్టల్లో ఆటో పిలిచాను. టీచరమ్మ చీపురు అక్కడే పడేసి మాకంటే ముందే ఎక్కి, అమ్మాయికి తన భుజం ఆనించి కూర్చుంది.

డాక్టరమ్మ ఈసారి తలెత్తి విన్నది. అమ్మాయికీ టీచరమ్మకూ రక్తం తీయించింది. ఇప్పటికైతే ఇద్దరిలోనూ ఏమీ లేదన్నది. నేను ఊపిరి పీల్చుకునేలోపే మిగతా సగం చెప్పింది.

"ఈ కామెర్లు లోపలికి పోయిన వెంటనే బయటపడవ్. వారాలు పట్టొచ్చు. కొందరికి పైకి తెలియకుండనే వచ్చి, వాళ్ళ మరుగుదొడ్డి నీళ్ళతో ఇంకొకరికి పోవచ్చు. మళ్ళీ రక్తం చూద్దాం. అప్పటిదాకా ఆకలి, వాంతులు, మూత్రం రంగు చూస్కోండి. రోజూ పగటి వెలుగులో కళ్ళు చూడండి. కొంచెం పచ్చబడ్డా వెంటనే తీసుకురండి."

మర్నాటి నుంచే మా మరుగుదొడ్డి వాడకం ఆపేశాం. లారీ వచ్చి తొట్టి ఖాళీ చేసిపోయింది. కొత్తది వెనక వైపు, దక్షిణాన, ఎవరి సంపూ దగ్గర లేని చోట తవ్వాలన్నాడు మేస్త్రీ. దక్షిణం మాట వినగానే మా ఆవిడ గుమ్మంలోంచి లేచి వచ్చింది. ఇల్లు కట్టేటప్పుడు వాస్తు పోతుందని కిటికీ బెత్తెడు జరపడానికి కూడా ఒప్పుకోని మనిషి. ఇక యుద్ధమే అనుకున్నాను.

"యముడు ఇన్నాళ్ళూ వాయవ్యంలనే కూసున్నడు. దక్షిణం ఖాళీగనే ఉంటది. తవ్వండి," అన్నది.

ఆ తొట్టి పూర్తయ్యేదాకా మా ఇంటిల్లిపాదికీ టీచరమ్మ వాళ్ళ బాత్రూమే దిక్కు. వాళ్ళ సంపు మూసేశాం కాబట్టి వాళ్ళకు మా నీళ్ళే దిక్కు. ప్రహరీ గోడ మీదుగా ఒక ఆకుపచ్చ పైపు అటు పోతుంది, గేటు లోంచి మేం ఒకరి తర్వాత ఒకరం అటు పోతాం. పొద్దున పూట తువ్వాలు భుజాన వేసుకుని నేను వాళ్ళ వరండాలో నా వంతు కోసం నిలబడితే, అంగన్‌వాడీకి బయలుదేరుతూ టీచరమ్మ, "అన్నా, హాజరు వేస్కున్న, తొందరపడకు" అంటుంది. కుండను మా కాచిన నీళ్ళతో నింపుకుంది. తీపి పోయిందని మా అమ్మాయి రోజూ ఇద్దరినీ తిడుతుంది.

ఇది రాస్తున్నప్పటికి డాక్టరమ్మ చెప్పిన వారాలు ఇంకా పూర్తికాలేదు. మీటరు ఎక్కడ పెట్టానో గుర్తులేదు. ఇప్పుడు నాకు చూడాల్సినవి కళ్ళే. సూర్యుడు తూర్పు గోడ దాటగానే అమ్మాయిని వాకిట్లోకి పిలుస్తాను. కింది రెప్ప లాగి చూస్తాను, పైకి చూడమంటాను, పక్కకు చూడమంటాను. తెల్లగా ఉన్నాయని నాకు తెలుసు. ఐనా ఎండ పసుపు వాటి మీద పడ్డప్పుడు నీడలోకి జరిపి మళ్ళీ చూస్తాను.

"నాన్నా, పరీక్ష పేపరు గూడ ఇంతసేపు దిద్దవు నువ్వు," అంటుంది.

నిన్న గోడ అవతలి నుంచి టీచరమ్మ అడిగింది. "ఎట్లున్నయ్ అన్నా?"

"తెల్లగనే ఉన్నయ్."

"నావి గూడ చూడు." గోడ మీద మోచేతులు ఆనించి, రెప్ప కిందికి లాగి చూపించింది. తెల్లగానే ఉన్నాయి. చెప్పాను. ఆమె అక్కణ్ణించి కదల్లేదు.

"అందరియీ చూస్తున్నవ్. నీయి ఎవరు చూస్తున్నరు? ఇటు రా."

నేను మీ ఇంట్ల నీళ్ళు తాగలేదు గదా అనబోయాను. గోడ దగ్గరికి జరిగి, మొహం ఎండకు తిప్పి, కళ్ళు పెద్దవి చేసుకుని నిలబడ్డాను.