గ్రూపులోంచి తీసేసిన అత్త

అత్త చనిపోయిందని నాకు పింఛను వాట్సాప్ గ్రూపులో తెలిసింది. రాత్రి షిఫ్టు దిగి పొద్దున ఫోన్ తెరిస్తే ఆమె ఫోటో, దాని కింద వరసగా దండం పెట్టే చేతులు. ఫోటో పెట్టింది గ్రూపు నడిపే అన్న. మా సందు చివర రీఛార్జ్ దుకాణం అతనిదే. ‘మా గ్రూపుకు అమ్మలాంటి మనిషి’ అని రాశాడు. ఆ అమ్మలాంటి మనిషిని గ్రూపులోంచి తీసేసింది కూడా అతనే. నాకు ఏడుపు కంటే ముందు కోపం వచ్చింది.

ఆమె నాకు చుట్టం కాదు. డిండోలిలో మా పక్క గది. పెళ్లయిన కొత్తలో సిరిసిల్ల వైపు నుంచి సూరత్ వచ్చి, ముసలితనం దాకా మరమగ్గాల షెడ్డులో దారం కండెలు చుట్టింది. మామ ఉధ్నాలో మిల్లు పని చేసి పోయాక, ఆయన పింఛను ఆమెకు వచ్చేది. బతికే ఉన్నానని ఏటా వేలిముద్ర వేసి రావాలి. దారం ఒరిసి ఒరిసి ఆమె వేళ్ల మీద గీతలు మిగల్లేదు. మిషన్ ఒప్పుకోలేదు. పింఛను ఆఫీసు కిటికీ వెనకాయన రేపు రమ్మన్నాడు. మర్నాడూ అదే మాట. పింఛను ఆగిపోయింది.

ఆమెకు రాయడం రాదు. ఫోన్‌ను రొట్టెముక్కలా నోటి దగ్గర పట్టుకొని గ్రూపులో మాట పెట్టింది.

"డిండోలి అత్తను మాట్లాడుతున్న. నా ఏలిముద్రలు పడ్తలేవు. గిట్ల ఎవరికన్న అయ్యిందా? అయితే ఏం జేసిండ్రు?"

కంటిని చూసి పోల్చే మిషన్ ఉంటుంది, అది అడగమని అమ్రోలి నుంచి ఒకాయన జవాబిచ్చాడు. అడిగేదాకా తీయరు, గట్టిగా అడగమని సలాబత్‌పురా నుంచి ఒకామె చెప్పింది. అత్త వెళ్లి అడిగింది. మిషన్ ఆ బల్ల సొరుగులోనే ఉంది. ఇన్నాళ్లూ ఆమెను ఆ సొరుగు ముందే నిలబెట్టారు. తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

ఆమె పింఛను మళ్లీ మొదలైంది. ఆ తర్వాత గ్రూపులో ఎవరేం అడిగినా అత్త గొంతు వినిపించేది. "మంది మాట ఇన్నోళ్లు ఆగుండ్రి. పోయి అచ్చినోళ్లు చెప్పుండ్రి." మా అందరి పింఛను పనులూ అలాగే జరిగాయి.

కొన్నాళ్లకు ఇంకో సందేశం వచ్చింది. పింఛను పథకం మూసేస్తున్నారు, జమైనదంతా ఇప్పుడే తీసుకోండి, ఫలానా ఏజెంటు తీసిపెడతాడు అని. ఆ ఏజెంటుకే పని ఇద్దామా అని గ్రూపు నడిపే అన్న ఓటింగు పెట్టాడు. దాదాపు అందరూ సరే అని నొక్కారు.

"గా ఏజెంటుతోని పైసలు అచ్చినోళ్లు ఒక్కరన్న ఉంటే జర చెప్పుండ్రి," అని అడిగింది అత్త.

ఒక్కరూ చెప్పలేదు. తిట్టారు. నీది నీకొస్తోంది, మాది చెడగొడతావా అన్నారు. సాయంత్రానికి ఆమె గ్రూపులో లేదు. నేను దుకాణానికి వెళ్లి నిలదీస్తే, "అందరు సరే అన్నంక ఒక్కామె లొల్లి ఏంది?" అన్నాడు అతను.

ఏజెంటు అందరి ఓటీపీలూ తీసుకున్నాడు. వచ్చిన డబ్బు మళ్లించుకొని ఫోన్ ఆపేశాడు.

మోసపోయినవాళ్లు అత్త గదికే వచ్చారు. అందరికంటే ముందు వచ్చింది గ్రూపు నడిపే అన్న. అతని తమ్ముడి డబ్బూ పోయింది. ఆమె వాళ్లను వెంటబెట్టుకొని పోలీస్ స్టేషనుకూ పింఛను ఆఫీసుకూ తిరిగింది. కొందరివి ఆపించగలిగింది. చాలామందివి పోయినట్టే.

"వీళ్లను గడప ఎట్ల ఎక్కనిస్తున్నవ్ అత్తా?" అన్నాను.

"నాకు కోపం లేదనుకున్నవా బిడ్డా? కోపం తగ్గినంక పోదామంటే కంప్లయింట్ గడువు దాటిపోతది," అంది చెప్పుల్లో కాళ్లు పెడుతూ.

మళ్లీ గ్రూపులో చేరుస్తానని అతను అన్నప్పుడు మాత్రం వెంటనే ఒప్పుకోలేదు. "ముందు అందరికి చెప్పు. అత్త అడిగింది నిజమే, తప్పు మాదే అని." అతను తల ఊపి వెళ్లాడు. చెప్పలేదు. ఈలోగా గుండె ఆగి ఆమె పోయింది.

ఆ మధ్యాహ్నం పాడె ఎత్తేటప్పుడు భుజం పట్టడానికి అతను ముందుకొచ్చాడు. నేను అడ్డం నిలబడ్డాను.

"ముందు గామె అడిగింది చెప్పు అన్నా. తర్వాత మొయ్యి."

"గిప్పుడా చెల్లె?"

"ఇప్పుడే. అందరున్నరు."

నిజంగానే ఉన్నారు, ఆమెను తిట్టినవాళ్లతో సహా. అతను నేల చూపులు చూస్తూ ఏదో గొణిగాడు. వెనక నుంచి ఒక ముసలాయన "ఇనపడ్తలేదు" అన్నాడు. అప్పుడు గట్టిగా చెప్పాడు. "అత్త అడిగింది నిజమే. తప్పు మాదే." ఎవరూ తల ఎత్తలేదు.

నేను పక్కకు తప్పుకున్నాను. నా కోపం తగ్గలేదు. అతను మిగతావాళ్ల కంటే పొడుగు. అతని వైపు పాడె కొంచెం పైకి లేచింది. దాన్ని సమంగా ఉంచడానికి మోకాళ్లు వంచి, తంటాలు పడుతూ, షెడ్ల మధ్య సందులో మెల్లగా నడిచాడు.